ఇనుము లేని చోట

యంత్రం పట్టు తప్పింది. పోయిన వారం కథ ఆగింది అక్కడే.

అంతకు ముందు సంగతి తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. సూర్యాపేట దాటి కోదాడ పోయే హైవే పక్కన ఒక గ్యాస్ స్టేషన్ ఉంది. భూమిలోపలి గొట్టాల్లో వచ్చే గ్యాసును ఇంకా ముందుకు తోసే చోటు అది. ఎక్కువైన గ్యాసును కాల్చేయడానికి అక్కడ ఆకాశంలోకి ఒక ఇనుప గొట్టం నిలబెట్టారు. దాని కొసన మంట వెలుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లలో దాన్ని అఖండం అంటారు. 2013 ఎండాకాలంలో మరమ్మతులకని స్టేషన్ ఆపి, మంట ఆర్పారు. ఊళ్లవాళ్లు మాత్రం ఆరింది అనలేదు, కొండెక్కింది అన్నారు.

ఆ మరమ్మతుల్లోనే గొట్టానికి రంగు వేయడానికి ఎక్కిన సక్రు కింద పడి చచ్చిపోయాడు. సక్రుది పక్క తండా. తాగి ఎక్కాడని, నడుముకు బెల్టు కట్టుకోలేదని కాంట్రాక్టరు వెంకటేశ్వర్లు చెప్పాడు. అందరూ నమ్మారు. సక్రు ఆదివారాలు తాగేవాడు. ఆదివారం తాగే తండా మనిషి వారమంతా తాగుతాడని నమ్మడం ఊరికి కష్టం కాలేదు. అతడు పడ్డది ఆదివారం కాదన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

మిగిలిన రంగు పనిని మేస్త్రీ రామనర్సయ్య ఒక్కడే ఎక్కి ముగించాడు. మనిషి పడి చచ్చిన గొట్టం ఎక్కిన మొగోడని పేరు తెచ్చుకున్నాడు. విచారణకు వచ్చిన ఆఫీసర్లు నేల మీద నిలబడి దుర్భిణి పెట్టి చూసిపోయారు. ఆ తర్వాత కూలోళ్లెవరూ ఆ నిచ్చెన ముట్టలేదు. అందుకని హైదరాబాదు నుంచి ఇనుప గోడలు ఎక్కే యంత్రాన్ని తెప్పించారు. దాన్ని నడిపే ఇంజనీరు నవనీత. రామనర్సయ్య బిడ్డ.

గొట్టం గట్టిగా ఉందని ఆమె చెబితే ఈ సాయంత్రం మంట ముట్టిస్తారు.

*

యంత్రం మేకపిల్లంత ఉంటుంది. నాలుగు చక్రాలు, చక్రాల్లో అయస్కాంతాలు. ఇనుమును కరుచుకుని పాకుతుంది. ముందర కెమెరా, కడుపు కింద ఇనుము మందం కొలిచే ముక్కు. పొద్దున్నుంచి బుద్ధిగా పాకింది. గొట్టం కొస కింద మనిషి నిలబడేందుకు కట్టిన పై అరుగు దగ్గరికి పోగానే ముందు చక్రాలు పట్టు విడిచాయి. తల వెనక్కి వాలింది. వెనక చక్రాలు విడవలేదు గనుక పడలేదు. నవనీత చేతిలోని మీటతో దాన్ని మెల్లగా వెనక్కి నడిపి కిందికి దించింది.

కింద నిలబడ్డవాళ్లలో నవ్వు మొదలుపెట్టింది వెంకటేశ్వర్లు. ఆయనకు మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది, ఊళ్లో పొలాలున్నాయి, పటేల్ అన్న పిలుపుంది, ఈ స్టేషన్‌లో రంగుల పని కాంట్రాక్టు ఉంది. ఆయన నవ్వితే ఇంకో పదిమంది నవ్వాలి.

"ఏం బిడ్డా, నీ బల్లికి గూడ కండ్లు తిరిగినయా? బల్లి పడితే ఏం ఫలమో పంచాంగంల సూడుర్రి ఎవరన్న."

స్టేషన్ మేనేజరు గుంటూరు వైపు మనిషి. ఆయన నవ్వలేదు. ఆయనకు నవ్వే తీరిక లేదు.

"ఏమ్మా నవనీతా, సాయంత్రంలోపు తేలుద్దా లేదా? పైవాళ్లు పొద్దుటి నుంచీ ఫోన్లు చేసి చంపుతున్నారు."

"కొంచెం టైమియ్యండి సార్. చూసి చెప్తా."

"సూసేదేమున్నది," అన్నాడు వెంకటేశ్వర్లు. "మిషను ఖరాబైందని చెప్పు, అయిపోతది. మనిషి కండ్లతోటి సూసి రంగేసిన గొట్టం. మీ నాయిన ఏసిన రంగే గద."

నవనీత నేల మీద చతికిలబడింది. యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని ముందు చక్రాలు చూసింది. చక్రం పళ్లలో రంగు పొక్కులు ఇరుక్కున్నాయి. వాటి కింద బూడిదరంగు పొడి ఉంది. గోటితో గీకి వేళ్ల మధ్య నలిపింది. తుప్పయితే ఎర్రగా ఉంటుంది. ఇది ఎర్రగా లేదు.

లప్పం.

రంగు వేసే ముందు ఇనుము మీద చిన్న చిన్న గుంటలు సర్దడానికి పెట్టే ముద్ద అది. ఆరితే రాయిలా బిగుస్తుంది, పైన రంగు పూస్తే ఏది ఇనుమో ఏది లప్పమో కంటికి తెలియదు. అయస్కాంతానికి తెలుస్తుంది.

ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని రంగు డబ్బాలు పెట్టే రేకుల షెడ్డులోకి పోయింది.

*

కెమెరా తీసిన బొమ్మను పెద్దది చేసింది. యంత్రం దీపం పక్కవాటుగా పడటం వల్ల నున్నగా కనబడాల్సిన రంగు మీద ఎత్తుపల్లాలు తేలాయి. అరచేయంత మచ్చ. దాని అంచు చుట్టూ వరసగా నొక్కుళ్లు. గరిజె, అదే కజ్జికాయ, అంచును వేలితో నొక్కి మూసినట్టు.

ప్రతి నొక్కూ ఎడమకు వాలి ఉంది.

నవనీతకు ఇంకేమీ చూడనక్కర లేకపోయింది. మేస్త్రీలందరూ లప్పాన్ని రేకుతో తీస్తారు. రామనర్సయ్యకు రేకు పట్టడం అలవాటు కాలేదు. అతడు గొర్లకాపరి కొడుకు. గొర్ల పుండ్లకు మందు నొక్కి నొక్కి పనికి అలవాటైన బొటనవేలు అతనిది. దాన్ని ఒకసారి పొట్టేలు పొడిచి విరిచింది. అతికింది గానీ వంకరగా అతికింది. అతడు నొక్కినదల్లా ఎడమకు వాలుతుంది. ఇంట్లో నీళ్ల తొట్టి పగుళ్ల మీద, కిటికీ చెక్క సందుల్లో, గొర్ల దొడ్డి గోడ మీద ఆ ముద్రల్ని చూస్తూనే నవనీత పెరిగింది.

ఇంకో సంగతి ఉంది. గొట్టానికి నిచ్చెన పక్కన, పొడుగునా ఇనుప కడియాలు అతికించి ఉంటాయి. ఎక్కేవాడు నడుం బెల్టుకున్న కొక్కేన్ని ఒక కడియం నుంచి పై కడియానికి మార్చుకుంటూ పోతాడు. కాలు జారినా కడియం ఆపుతుంది. ఆమె బొమ్మలను కింది నుంచి పైకి ఒక్కొక్కటే చూసింది. అన్ని కడియాలూ ఉన్నాయి. లప్పం ఉన్న చోట మాత్రం లేదు.

షెడ్డు తలుపు దగ్గరికి వచ్చి పిలిచింది.

"నాయినా, జర లోపటికి రా."

రామనర్సయ్య వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. కూర్చోలేదు.

"ఏంది?"

"కూసో."

"కూసునుడెందుకు, చెప్పు. పటేల పిలుస్తడు."

"గిది సూడు."

అతడు తెర వైపు వంగి చూసి వెంటనే నడుం ఎత్తాడు.

"నాకేం సమజైతయి ఇవి. నీ మిషను బొమ్మలు నీకే ఎరుక."

"వేలు సమజైతలేదా?"

"ఎవని వేలు?"

"నువ్వు చెప్పు."

రామనర్సయ్య కుడి చేతిని తువ్వాల కిందికి జరుపుకున్నాడు.

"రంగు ఏసేటప్పుడు గుంతలుంటయి, లప్పం పెడతం. వాడపల్లి సిమెంటు ఫ్యాక్టరీల పొగ గొట్టాలకు పెట్టినం, ఈడ పెట్టినం. అందరు పెడతరు."

"గుంతకు పెడతరు. కంతకు పెడతరా?"

"కంత అని ఎవరన్నరు నీకు?"

"చక్రం అన్నది. ఇనుముంటే పట్టుకుంటది, లేకుంటే ఇడుస్తది. దానికి పటేల్ అంటే భయం లేదు."

"నాకున్నదా భయం?"

"ఉన్నదా లేదా నువ్వే చెప్పాలె."

అతడు బయటికి చూశాడు. ఎండలో వెంకటేశ్వర్లు తెల్ల చొక్కా మెరుస్తోంది. మేనేజరు ఫోనులో ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నాడు. రామనర్సయ్య గొంతు తగ్గించాడు.

"బిడ్డా, మిషను ఖరాబైందని చెప్పు. గంతే. నీ కొలువుకేం తక్కువైతది? మిషన్లు ఖరాబ్ గావా?"

"మిషను ఖరాబైందంటే ఇయ్యాలనే మంట ముట్టిస్తరు. లప్పం మీదికి గ్యాసు పంపుతరు."

"ఏం గాదు. రాయి లెక్క బిగిసింది. నేను కొట్టి సూసిన."

"దాని సుట్టూత ఇనుము ఎంత మందమున్నదో ఎరికేనా? నేను కొలిసిన. రేకు లెక్కున్నది. లోపటికెంచి తిన్నది తుప్పు. నాయినా, నువ్వెన్నడన్న పురుగున్న పుండుకు మూతి మూసినవా? గొర్రెకు?"

రామనర్సయ్య తలెత్తి ఆమెను చూశాడు. గొర్లు కాసే ఇంట్లో పిల్లలకు కూడా తెలిసిన విషయం అది. పుండులో పురుగు పడితే ముందు పురుగును ఏరాలి. ఏరకుండా పైన పసుపు మెత్తి మూస్తే పుండు మానినట్టే కనబడుతుంది. గొర్రె మేస్తుంది, నడుస్తుంది. ఒకనాడు దొడ్లో కాళ్లు చాపి పడి ఉంటుంది.

"గొర్రె వేరు, గొట్టం వేరు," అన్నాడు.

"అవు. గొర్రె చస్తే ఒక్కటే చస్తది. గొట్టం ఇరిగితే హైవే మీద పడతది."

నవనీత తెర మీద వేలు పెట్టింది.

"గాడ కడెం ఉండాలె. ఏది?"

"మెల్లగ మాట్లాడు."

"ఎందుకు?"

రామనర్సయ్య గడ్డంతో రేకు గోడ వైపు చూపించాడు. గోడ అవతల కొడవలితో గడ్డి కోస్తున్న చప్పుడు. కోస్తున్నది సుక్కి, సక్రు పెండ్లాం. మొగుడు పోయాక ఆమె తండా వదిలి ఎటూ పోలేదు, ఈ స్టేషన్‌లోనే గడ్డి కోసే కూలికి కుదిరింది. ఎవరు కనబడినా ఒకటే మాట చెప్పేది. నా మొగడు బెల్టు కట్టిండు, ఆ పొద్దు సద్ది తెచ్చిన, కంచె అవతల నిలబడి నా కండ్లతోటి సూసిన. మొదట్లో విన్నారు. తర్వాత, పాపం మతి పోయింది అన్నారు. ఇప్పుడు ఆమె వస్తుంటే పక్కకు తప్పుకుంటున్నారు. తాగుబోతు పెండ్లాం అనే పేరు కంటే పిచ్చిది అనే పేరు మేలని ఆమె అనుకుని ఉండదు, కానీ ఊరు ఆమెకు రెండూ ఇచ్చింది.

"గామె ఇంటది," అన్నాడు రామనర్సయ్య.

"గామె కోసమే అడుగుతున్న."

అతడు రేకు గోడకు వీపు తిప్పాడు. మాటలను ఎవరో లోపలి నుంచి తోస్తే వచ్చినట్టు వచ్చాయి.

"ఊడింది. గొట్టం ముక్కతోటి సహా ఊడొచ్చింది. సక్రు కొక్కెం దానికే ఉండె. కడెం, మనిషి ఒక్కసారే కిందికొచ్చిన్రు."

"అంటే బెల్టు కట్టుకున్నడు."

"కట్టుకున్నడు."

"మరి బెల్టు షెడ్డుల మడతపెట్టి దొరికిందన్నరు."

"నేనే ఇప్పి పెట్టిన."

"ఎవరు ఇప్పమన్నరు?"

"పటేల."

"కంతకు లప్పం పెట్టమన్నది?"

"పటేలనే. ఆఫీసర్లు వచ్చేటాలకు గొట్టం కొత్తగ కనబడాలన్నడు."

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట?"

ఆ మాటను అతడు ఏదో న్యాయం చెబుతున్నట్టు అన్నాడు. ఏమీ అనకుండా బతకడం కూడా ఒక పని అని, ఆ పనిని తాను చక్కగా చేశానని అతని నమ్మకం. ఇటువంటివాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్లే లేకపోతే వెంకటేశ్వర్లు లాంటివాళ్లకు రెండు చేతులే ఉంటాయి.

నవనీత ల్యాప్‌టాప్ మూసింది.

"ఇంకొకటి అడుగుత. కొత్తోణ్ని ఎక్కిచ్చే ముంగట మేస్త్రీ పోయి కడేలు సుత్తెతోటి వాయించి రావాలె గద. ఖంగుమంటే మంచిది, మొద్దు సప్పుడొస్తే లోపల పోయినట్టు. నాకు చిన్నప్పుడు నువ్వే చెప్పినవ్. ఆ పొద్దు వాయించినవా?"

"మోకాలు నొస్తుండె."

"అంటే వాయించలే."

"వాన్నే వాయించుకుంట పొమ్మన్న. వయసుల ఉన్నోడు."

"వాయించిండా?"

"వాయించిండో లేదో కిందున్న నాకెట్ల ఎరుకైతది?" అన్నాడు రామనర్సయ్య. అప్పుడు మాత్రం ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు.

ఆమె ఆ మాట నమ్మింది. చెప్పిన మిగతావన్నీ అతనికే చేటు తెచ్చేవి కదా, ఇదొక్కటి ఎందుకు దాస్తాడనుకుంది. చదువుకున్నవాళ్లు కూడా ఇలాంటి చోట బోల్తా పడతారు.

"సూడు బిడ్డా," అన్నాడు అతడు. "నువ్వు చెప్తే పటేల తప్పిచ్చుకుంటడు. ఆయనకు మనుషులున్నరు. లోపట పడేది నేను. మీ అమ్మ ఈ ఊళ్లె తలెత్తుకొని తిరుగుతదా? నువ్వు తిరుగుతవా?"

"సుక్కి తిరుగుతలేదా?"

గోడ అవతల కొడవలి చప్పుడు ఆగింది. ఎండ పడనివైపుకు పోయిందో, విన్నదో తెలియలేదు.

*

వెంకటేశ్వర్లు షెడ్డులోకి అడుగు పెట్టలేదు. గడప బయట నిలబడే మాట్లాడాడు.

"తండ్రీబిడ్డల ముచ్చట్లు అయినయా? నర్సయ్యా, మేనేజరు సారుతోని మాట్లాడిన. మిషను పనిచేస్తలేదు గనుక మనిషే ఎక్కి సూడాలన్నడు. నువ్వు పొయ్యి ఒక్కసారి సూసి, అంత మంచిగున్నదని చెప్పు. ముట్టిస్తరు. అందరం ఇంటికి పోదం."

నవనీత లేచింది. "మిషను పనిచేస్తలేదని నేను చెప్పలేదు."

"నువ్వు చెప్పకున్నా మాకు కనబడ్డది బిడ్డా. గుడ్డోళ్లం గాదు. సదువుకున్నవ్, సంతోషం. నీ అయ్య చేసిన పని మీద నువ్వే వంకలు వెడితే నవ్వేది ఊరు, నేను గాదు."

ఆయనకు తెలుసు. ఏం దొరికిందో తెలుసు, దొరికినా ఆమె చెప్పే సాహసం చేయదని కూడా తెలుసు. ఆ ధైర్యంతోనే నిలబడ్డాడు.

రామనర్సయ్య మేకుకు వేలాడుతున్న బెల్టు అందుకున్నాడు.

"నాయినా, ఎక్కకు."

"ఎక్కి దిగుత."

"మిగతా కడేలు ఎట్లున్నయో నీకు ఎరుక లేదు. పైన ఇనుము అంత పోయిందంటున్న. కొక్కెం దేనికి తగిలిస్తవ్?"

"నేను దిగొచ్చి మంచిగున్నదంటే నువ్వు చెప్పే అవసరమే పడది. గొడవ ఖతం."

ఇది బిడ్డ మీద ప్రేమ అని చూసేవాళ్లు అనుకుంటారు. కాదు. ఆమె నోరు మూయించడానికి తన ప్రాణాన్ని తెచ్చి అడ్డం పెట్టాడు. అతని దగ్గర అడ్డం పెట్టడానికి వేరే ఏదీ లేదు.

బెల్టు బిగించుకుంటూ బయటికి నడిచాడు. వెంకటేశ్వర్లు దారి ఇచ్చాడు.

*

గొట్టం కింద కూలోళ్లు గుమిగూడారు. రంగు పని ముగిశాక ఆ నిచ్చెన మీద మనిషిని చూడటం మళ్లీ ఇప్పుడే. ఎవరూ నవ్వడం లేదు. రామనర్సయ్య నిచ్చెనకు దండం పెట్టి మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. మోకాలు నొప్పి వల్ల ఒక కాలు ముందు పెట్టి, రెండో కాలును దాని పక్కకు లాక్కుంటూ ఎక్కాడు. కొక్కేన్ని ఒక కడియానికి తగిలించాడు. తీశాడు. పైదానికి తగిలించాడు.

నవనీత ఇంకా షెడ్డు నీడలోనే ఉంది. ఊరుకుంటే నాన్న ఆ పుండు దాకా పోతాడు, పడినా పడొచ్చు. పడకుండా దిగి వస్తే సాయంత్రం లప్పం మీదికి గ్యాసు వస్తుంది. నోరు విప్పితే ఇప్పుడే, అందరి ముందు, నాన్నను పట్టిచ్చినట్టు. ఇంకో దారి లేదు. ఉంటే ఎవరైనా ఆ దారినే పోతారు, ఆమె కూడా పోయేది.

ఆమె ఎండలోకి వచ్చి మేనేజరు ముందు నిలబడింది.

"సార్, మా నాయిన్ని దింపండి."

"అదేంటమ్మా? నీ మిషను చూడలేనిది ఆయన చూసొస్తాడు."

"మిషను సూసింది సార్. మిషన్ల తప్పు లేదు. పై అరుగు కింద అరచేయంత ఇనుము లేదు. లప్పం పెట్టి రంగేసిన్రు. సుట్టూ ఇనుము పల్చగైంది. గ్యాసు పంపొద్దు. మంట ముట్టించొద్దు."

మేనేజరు చేతిలో ఫోను మోగింది. ఆయన ఎత్తలేదు.

"లప్పమా? ఎవరు పెట్టారు లప్పం?"

"సారూ, పిల్లకు మిషను ఖరాబైందని చెప్పుకునేటందుకు నామోషి," అంటూ వెంకటేశ్వర్లు దగ్గరికి వచ్చాడు. "కంపెనీల పేరు పోతదని..."

"మా నాయిన పెట్టిండు," అంది నవనీత.

వెంకటేశ్వర్లు ఆగిపోయాడు. ఆమె ఇంత దూరం వస్తుందని ఆయన లెక్క వేసుకోలేదు. ఆయన లెక్కల్లో బిడ్డలు తండ్రుల వైపు ఉంటారు.

"గాడ ఒక కడెం ఉండె సార్. సక్రు పడ్డ పొద్దు ఊడింది. సక్రు కొక్కెం ఆ కడేనికే ఉన్నది. మనిషి పడినంక బెల్టు ఇప్పి దాసిన్రు, కంతకు లప్పం పెట్టిన్రు. ఇప్పింది, పెట్టింది మా నాయిన. చెప్పింది ఈ పటేల్. సక్రు బెల్టు కట్టుకున్నడు."

కూలోళ్లలో ఒకడు తలకు చుట్టిన గుడ్డ తీశాడు. వెనక నుంచి గడ్డి మోపు కింద పడేసిన చప్పుడైంది. సుక్కి మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చింది. ఆమె ఏడవలేదు. ఇన్ని నెలలు తాను ఒక్కతే చెప్పిన మాట ఇంకొకరి నోటి నుంచి రావడం ఆమెకు కొత్త.

"మల్లొకసారి చెప్పు బిడ్డా," అంది.

"నీ మొగడు బెల్టు కట్టుకున్నడు."

"గట్టిగ చెప్పు. గీళ్లందరికి ఇనబడాలె."

నవనీత గట్టిగా చెప్పింది.

మేనేజరు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పైకి కేక వేశాడు. "రామనర్సయ్యా, చాలు. కిందికి దిగు. మెల్లగా దిగు."

రామనర్సయ్య అప్పటికి సగానికి పైగా ఎక్కాడు. కింద ఏం జరిగిందో మాటలు అందకపోయినా గుంపు చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు. కడియాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత కాలు కిందికి జార్చి కింది మెట్టు వెతికాడు.

"దిగకు మేస్త్రీ," అంది సుక్కి.

ఆమె నిచ్చెన మొదట్లోకి పోయి నిలబడింది. కొడవలి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని ఎవరి మీదికీ ఎత్తలేదు. కింద పెట్టడం మరిచిపోయింది, అంతే.

"సుక్కమ్మా, ఇటు రా," అన్నాడు మేనేజరు. "ఆయన్ని దిగనీ. తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాత నాతోటి ఎవరు మాట్లాడతరు సారూ. ఇన్నొద్దులు ఎవరు మాట్లాడిన్రు?"

"పిచ్చిది, దాన్ని పక్కకు గుంజుండ్రి," అన్నాడు వెంకటేశ్వర్లు. ఒక్కడూ కదలలేదు. ఆయన మాటకు జనం కదలకపోవడం ఆ స్టేషన్‌లో అదే మొదలు.

సుక్కి తల పైకెత్తింది. ఆమె గొంతు పెద్దది. గుట్టల మీద ఎడ్లను అదిలించిన గొంతు.

"మేస్త్రీ, ఆ పొద్దు నేను కంచె అవతలనే ఉన్న. నా మొగడు గా పైన సుత్తెతోటి కడెం కొట్టిండు. కొట్టి నీకు చెప్పిండు. మొద్దు సప్పుడొస్తుంది మేస్త్రీ, దీనికి కొక్కెం తగిలియ్య, దిగుత అన్నడు. నాకు ఇనబడ్డది. నువ్వేమన్నవో చెప్పాల్నా?"

నవనీత పైకి చూసింది. నాన్న ఏదో ఒకటి అంటాడని చూసింది. కాదనైనా అంటాడని.

రామనర్సయ్య ఏమీ అనలేదు.

"రంగు మందమైతే గట్లనే వస్తది, తగిలిచ్చుకొని పో అన్నవ్. పో, పో అన్నవ్. ఇదేమన్న అబద్ధమా?" సుక్కి నిచ్చెన బద్దను పట్టుకుంది. "ఇన్నొద్దులు ఇది ఎవలకు చెప్పలే. బెల్టు మాటే నమ్మనోళ్లు గిది నమ్ముతరా? ఇగ ఇప్పుడు చెప్తున్న. నా మొగడు కొక్కెం తగిలిచ్చిన కాడికి పో. గాడ నిలబడి, నువ్వు పొమ్మన్నవని నీ నోటితోటి చెప్పు. చెప్పినంక దిగు."

"అమ్మా నవనీతా, నువ్వైనా చెప్పు. ఆమెను జరగమను. మీ నాన్నను దిగమను," అన్నాడు మేనేజరు.

నిచ్చెన మీది నుంచి రామనర్సయ్య కూడా బిడ్డ వైపే చూశాడు. ఆమె దిగు అంటే దిగుతాడు. సుక్కి జరుగుతుంది. ఒక్క మాట.

నవనీతకు షెడ్డులో నాన్న తన కళ్లలోకి సూటిగా చూసి చెప్పిన అబద్ధం ఒక్కటే వినబడుతోంది. ఆమె నోరు తెరిచింది, మాట రాలేదు. రప్పించుకోవాలని కూడా ఆమె ప్రయత్నించలేదు.

రామనర్సయ్య కాసేపు చూశాడు. తర్వాత మొహం గొట్టం వైపు తిప్పుకున్నాడు. కొక్కెం తీసి, పై కడియానికి చేయి చాచాడు.